పాత మిద్దెను పౌర గ్రంథాలయంగా మార్చడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

తాలూకా కచేరీ, మునసబు కోర్టు, రహదారి బంగళా, దాతలు కట్టించిన సత్రం, ఊరి పెద్దల విడిది ఇల్లు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ పాత పట్టణానికి వెళ్ళినా ఇలాంటి కట్టడం కనీసం ఒకటి తాళం వేసి కనిపిస్తుంది. దానిని గ్రంథాలయం చేయాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది; అయితే వచ్చిన వెంటనే అందరూ చేసే పని సున్నం కొట్టించి, ఇనుప బీరువాలు తెప్పించి, ప్రారంభోత్సవానికి తేదీ పెట్టుకోవడం. ఆ తొందరలో మరుగున పడే విషయం ఒకటుంది. ఆ కట్టడం మనుషులు నివసించడానికో, నలుగురు గుమాస్తాలు కూర్చోవడానికో కట్టినది. పుస్తకాలేమో బరువైనవి, పైగా తేమకు ఓర్వలేనివి. ఏ గది ఎంత బరువు మోయగలదో, ఏ గోడకు ఎక్కడి నుంచి నీరు చేరుతోందో తేల్చిన తరువాతే పుస్తకం ఎక్కడ ఉండాలో నిర్ణయించాలి. ఈ మార్గదర్శిలోని అడుగులన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

మొదటి అడుగు: ఒక వానకాలం చూడండి

మన జిల్లాలకు, ముఖ్యంగా నెల్లూరుకు, ప్రధానమైన వాన నైరుతి రుతుపవనాలతో రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో, వాటి వెంట వచ్చే వాయుగుండాలతో వస్తుంది. కాబట్టి ఎండాకాలంలో కట్టడాన్ని చూసి "గట్టిగానే ఉంది" అని తేల్చడం సగం పరీక్ష మాత్రమే అవుతుంది. వీలైతే కార్తీక మాసంలో, ముసురు పట్టిన రెండోనాడో మూడోనాడో లోపలికి వెళ్ళండి. ఏ గదిలో చుక్క పడుతోంది, ఏ మూల గోడ నల్లబడింది, మిద్దె మీద నీరు ఎక్కడ నిలిచింది, జలదారుల్లో ఏవి పూడిపోయాయి అన్నవి ఒక పటం గీసి గుర్తు పెట్టుకోవాలి. వాన వెలిసిన వారానికి మళ్ళీ వెళ్ళి అవే చోట్లు చూస్తే, పైనుంచి కారిన తేమ ఆరిపోయి ఉంటుంది. నేల నుంచి గోడలోకి పాకిన తేమ మాత్రం అలాగే ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు, రెండింటికీ వేర్వేరు మందులు. వీటిని కలగలిపి చూసినందువల్లే పాత భవనాల మీద ఏటా డబ్బు ఖర్చవుతున్నా గోడ మాత్రం పొడిబారదు.

అదే సమయంలో వీధిలో నీరు ఎంత ఎత్తు వరకు వస్తుందో చుట్టుపక్కల పెద్దవారిని అడగండి. 2015 నవంబరు వానలకు, 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరులోనూ నదీతీరపు ఊళ్ళలోనూ నీరు చూసినవారు ఆ ఎత్తును గోడ మీద చెయ్యి పెట్టి చూపించగలరు. ఆ ఎత్తును కట్టడం గోడ మీద సుద్దతో గీయండి. తరువాత అడుగడుగునా ఈ గీత పనికివస్తుంది.

బీటల సంగతి కూడా ఇప్పుడే మొదలుపెట్టాలి. ప్రతి పెద్ద బీటకు అడ్డంగా పలుచని గాజు పట్టీ ఒకటి రెండు చివర్లా అతికించి, పక్కన తేదీ రాయండి. ఆరు నెలల్లో గాజు విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టు. విరగకపోతే అది ఎప్పుడో ఆగిపోయిన పాత బీట. కదిలే బీటను పూడ్చడం వృథా, పునాదిని చూడవలసి ఉంటుంది. ఆగిన బీటను సున్నపు అడుసుతో నింపితే సరిపోతుంది. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతాన్ని భూకంపం కుదిపింది కాబట్టి, ఆ వైపు కట్టడాల్లో గోడలు కలిసే మూలలను మరింత శ్రద్ధగా చూడటం మంచిది.

రెండవ అడుగు: కట్టడం ఎవరిది, ఎవరిని అడగాలి

ఈ అడుగు విసుగు పుట్టించేదే అయినా దీనిని దాటవేసిన ప్రయత్నాలు సగంలో ఆగిపోతాయి. రెవెన్యూ, రోడ్లు భవనాల శాఖ, పురపాలక సంఘం, దేవాదాయ శాఖ, వక్ఫ్ బోర్డు, ప్రైవేటు కుటుంబం: పాత కట్టడం వీటిలో ఎవరి పేరున ఉందో రెవెన్యూ రికార్డుల్లోనూ, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈసీలోనూ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) చూడాలి. సత్రాల విషయంలో దాత రాసిన పత్రాన్ని తప్పక చదవండి. "బాటసారుల వసతికి" అని రాసి ఉంటే ఉపయోగం మార్చడానికి దేవాదాయ శాఖ అనుమతి లేనిదే ముందుకు వెళ్ళలేరు. ప్రైవేటు ఇల్లయితే నోటిమాట మీద పని ఆరంభించవద్దు. వారసులందరి సంతకాలతో దీర్ఘకాలపు లీజు రిజిస్టరు చేయించుకోవాలి. నలుగురు అన్నదమ్ముల్లో ఒకరు విదేశంలో ఉండి సంతకం పెట్టకపోయినా, మరమ్మతు అయిన తరువాత ఆ ఒక్కరే అడ్డు తిరిగే అవకాశం ఉంటుంది. బాగుపడిన ఇంటికి హక్కుదారులు ఎక్కువవుతారన్నది లోకం ఎరిగినదే.

కట్టడం రాష్ట్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే 1960 నాటి చట్టం కింద ఆ శాఖ అనుమతి కావాలి. కేంద్ర రక్షణలోని కట్టడానికి సమీపంలో మీ భవనం ఉన్నా పట్టించుకోవలసిందే: కేంద్ర పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం. మరమ్మతులకు కూడా ముందస్తు అనుమతి అవసరం.

ఇక గ్రంథాలయాన్ని నడిపేది ఎవరన్నది రెండో ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం, 1960 కింద మన రెండు జిల్లాల్లోనూ జిల్లా గ్రంథాలయ సంస్థ ఉంది. స్థానిక సంస్థలు ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసే గ్రంథాలయ పన్ను దానికి చేరుతుంది. మీ కట్టడంలో ఆ సంస్థ శాఖను తెరిపించడం ఒక దారి. ఊరివారే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘంగా ఏర్పడి నడపడం మరో దారి. మొదటి దారిలో జీతాల బెంగ ఉండదు, కానీ కట్టడం మరమ్మతు ఎవరి బాధ్యతో ముందే కాగితం మీద రాసుకోవాలి. రెండవ దారి కష్టమైనదే కానీ అసాధ్యం కాదు. వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో యువజన సంఘం ప్రయత్నంగా మొదలైంది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. 2022 వరకు ప్రకాశం జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళిన ఆ ఊరికి పరిశోధకులు ఇప్పటికీ పాత పత్రికల కోసం వెళుతుంటారు. సంఘం పెట్టదలచినవారు ఒకసారి అక్కడికి వెళ్ళి రికార్డులు ఎలా ఉంచుతారో చూసి రావడం ఏ శిక్షణ కన్నా మేలు. నెల్లూరులోనే చూడాలనుకుంటే పురమందిరంలోని వర్ధమాన సమాజం గ్రంథాలయం ఉంది.

మూడవ అడుగు: బరువు లెక్క

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే చదివే తీరిక ఉంటే దీనిని చదవండి.

ఒక మామూలు అరలో, అంటే 90 సెంటీమీటర్ల పొడవులో, ముప్ఫై పుస్తకాలు పడతాయి. వాటి బరువు 20 నుంచి 25 కిలోలు. ఆరు అరలు, రెండు ముఖాలు ఉన్న ఒక్క ఇనుప ర్యాకు నిండితే, ర్యాకు బరువుతో కలిపి 300 కిలోలు దాటుతుంది. పదివేల పుస్తకాలంటే ఏడెనిమిది టన్నులు. భవనాల మీద పడే భారాలకు మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 875 రెండవ భాగం. దాని ప్రకారం నివాసపు గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు లెక్క వేస్తారు. పుస్తకాలు విడిగా నిల్వ ఉన్న పఠన మందిరానికి 300, అక్కడే నిల్వ కూడా ఉంటే 400. పుస్తకాల నిల్వ గదికి 2.2 మీటర్ల ఎత్తు వరకు 600, ఆపై ప్రతి మీటరు ఎత్తుకు మరో 200. అంటే పడకగదిగా కట్టిన మేడమీది గదిని పుస్తకాల నిల్వకు వాడితే దాని మీద మూడింతల బరువు పెట్టినట్టు. పైగా ఆ గది దూలం నూరేళ్ళ నాటిది.

మన పాత మిద్దెల కట్టుబడి తెలిస్తే ఈ భయం ఎందుకో అర్థమవుతుంది. గోడల మీద టేకు దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా దంతెలు (సన్నని అడ్డకర్రలు), దంతెల మీద నిలువుగా ఏటవాలు వరుసల్లో పేర్చిన పలుచని ఇటుకలు, వాటి మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నపు గచ్చు, అన్నిటికీ పైన పలకలు. మద్రాసు టెర్రస్ అని ఇంజనీర్లు పిలిచే ఈ పద్ధతిలో బరువంతా చివరికి దూలాల కొసల మీదికి చేరుతుంది. ఆ కొసలు గోడలో దాగి ఉంటాయి, తేమ ముందుగా తగిలేదీ అక్కడే. నడిమి భాగం ఇనుములా ఉన్న దూలం గోడలో దూరిన జానెడు మేర పుచ్చిపోయి ఉండవచ్చు. అనుభవమున్న వడ్రంగిని పిలిచి, ప్రతి దూలం కొసనూ సుత్తితో తట్టించండి, స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడమనండి. బోలు శబ్దం వచ్చినా, మొన సులభంగా దిగినా ఆ దూలానికి గుర్తు పెట్టాలి. గోడ నుంచి గోడకు దారం బిగించి కడితే దూలం ఎంత వంగిందో కూడా తెలుస్తుంది. ఈ వివరాలతో, పాత కట్టడాల మీద పనిచేసిన నిర్మాణ ఇంజనీరు చేత రాతపూర్వకమైన నివేదిక తీసుకోండి. స్లాబు ఇళ్ళు మాత్రమే కట్టినవారు "పడగొట్టి కొత్తది వేద్దాం" అనే అంటారు. వారిని తప్పుపట్టలేము, వారికి తెలిసిన పని అది.

బరువు దృష్ట్యా పుస్తకాల స్థానం కింది అంతస్తు, అదీ నేల మీద నేరుగా. కానీ సుద్దతో గీసిన వరద గీత మాత్రం పుస్తకాలను పైకి పంపమంటుంది. ఈ రెండింటి మధ్య రాజీ ఇలా కుదురుతుంది. మొత్తం నిల్వ కిందనే ఉంచి, ర్యాకుల అట్టడుగు అర వరద గీతకు పైన ఉండేలా ఇటుక దిమ్మెల మీద నిలబెట్టాలి. గీత మోకాలి ఎత్తు దాటితే కింది రెండు అరలను ఖాళీగా వదిలేయాలి. తిరిగి దొరకని పాత పత్రికలు, తాళపత్రాలు, స్థానిక చరిత్ర పుస్తకాలు మొత్తంలో కొద్దిభాగమే కాబట్టి వాటిని మేడ మీద, గది నడుమన కాకుండా బరువు మోసే గోడల వెంట, దూలాలకు అడ్డంగా పడేలా బీరువాల్లో ఉంచవచ్చు. ఇంజనీరు ఒప్పుకుంటే మిగిలిన మేడను చదువరులకు ఇవ్వండి. గ్రంథాలయం పెరిగే ప్రాణి అని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదవ సూత్రాన్ని ఇక్కడ మరువరాదు. ఈనాటి మూడువేల పుస్తకాలకు కాక పదేళ్ళ తరువాతి పదివేలకు లెక్క కట్టించండి.

నాలుగవ అడుగు: మిద్దె, గోడలు, సున్నం

పని పైనుంచి కిందికి సాగాలి. ముందు మిద్దె. దాని మీద మొలిచిన రావి, మర్రి మొక్కలను పీకవద్దు. వేరు గోడలోని ఇటుకను కూడా వెంట తెస్తుంది. మొదలు నరికి, వేరు చచ్చే మందు పూసి, ఎండిన తరువాత చీలికను తెరిచి తీయాలి. పుచ్చిన దూలాలను మార్చి, జలదారులు తెరిచి, పాడైన గచ్చును తీసి తిరిగి సున్నపు గచ్చే వేయించాలి. కురుస్తోంది కదా అని మిద్దె మీద సిమెంటు కాంక్రీటు పొర పరిపించడం చాలాచోట్ల జరిగేదే. దాని వల్ల దూలం మీద బరువు పెరుగుతుంది, రెండేళ్ళలో పొర పగులుతుంది, పగులులోంచి దిగిన నీరు బయటికి రాలేక దంతెలను తింటుంది.

గోడల విషయంలోనూ ఇంతే. సున్నపు గోడ నేలలోని తేమను పీల్చుకుని గాలికి వదులుతుంది. దానికి సిమెంటు పూత వేసి, పైన ప్లాస్టిక్ రంగు కొడితే తేమ బయటికి దారిలేక పైకి పాకి, మనిషెత్తున ఉప్పు పొడి రాల్చుతుంది. కాబట్టి పాత సిమెంటు పూత ఉంటే జాగ్రత్తగా కొట్టివేయించి, గోడను కొన్ని నెలలు ఆరనిచ్చి, సున్నంతోనే మళ్ళీ పూత పెట్టించాలి. సున్నాన్ని గుంతలో కొన్ని వారాలైనా నానబెట్టాలి. ఎంత నానితే అంత వెన్నలా వస్తుంది. ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్ళ ఇసుక, తేమ ఎక్కువున్నచోట కొంత ఇటుక పొడి, గానుగలో బాగా తిప్పిన అడుసు. కరక్కాయ నీళ్ళు, బెల్లపు నీళ్ళు కలిపే పద్ధతి తెలిసిన మేస్త్రీలు దొరికితే వారి మాట వినండి, అయితే ముందు ఒక గజం గోడ మీద నమూనా వేయించి నెల రోజులు చూడండి. తీరప్రాంతపు ఊళ్ళలో సముద్రపు ఇసుకనూ, ఉప్పు తగిలే బోరు నీటినీ దగ్గరికి రానివ్వకండి. వాటిలోని ఉప్పు గోడలో కూర్చుని, వదిలించుకున్నామనుకున్న జబ్బును తిరిగి తెస్తుంది.

కాలం చూసుకోవాలి. సున్నపు పూత గాలి పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడేది కనుక సంక్రాంతి దాటాక మొదలుపెట్టి, రోహిణి ఎండలకు ముందే ముగించడం మంచిది. ఎండ తీవ్రమైతే తడి గోనెపట్టాలు కట్టాలి. మిద్దె పని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ సెప్టెంబరు దాటకూడదు.

అయిదవ అడుగు: చెదలు

పుస్తకాలు రాకముందే భవనమంతటికీ చెద నివారణ చేయించాలి. కట్టి ఉన్న భవనాలకు ఐఎస్ 6313 ప్రమాణం మూడవ భాగం వర్తిస్తుంది. గోడ, నేల కలిసే చోట రంధ్రాలు చేసి మందు పంపుతారు. తలుపు చట్రాలకూ దూలాల కొసలకూ విడిగా పట్టించమని అడగకపోతే వాటిని వదిలేస్తారు. ర్యాకులను గోడకు ఆనించవద్దు, బెత్తెడు సందు వదలండి. ఆ సందులో గాలి ఆడుతుంది, మట్టి గీత పైకి పాకితే కంటికి కనిపిస్తుంది. తీరానికి దగ్గరి ఊళ్ళలో ఇనుప ర్యాకులు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి కాబట్టి పౌడర్ కోటింగ్ ఉన్నవే కొనండి.

ఆరవ అడుగు: గదుల పంపకం

ఇప్పుడు గ్రంథాలయానికి వచ్చేవారిలో ఎక్కువమంది పోటీ పరీక్షలకు చదువుకునే యువత. వారు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని ఉదయం నుంచి రాత్రి వరకు కూర్చుంటారు. వారికి కావలసింది బల్ల, ఫ్యాను, ఛార్జింగ్ ప్లగ్, మంచినీళ్ళు, శుభ్రమైన మరుగుదొడ్డి. దినపత్రికల కోసం వచ్చే పెద్దవారికి మెట్లు ఎక్కనవసరం లేని వసారా చాలు, అరుగు ఇంకా మంచిది. పిల్లల గది ఈ రెండింటికీ దూరంగా, పెరటి వైపు ఉండాలి. పిల్లలను "నిశ్శబ్దం" అని గదమాయించే అవసరం రాకుండా చూడటమే ఆ దూరం ఉద్దేశం.

పాత కట్టడాలకు అరుగు ఎత్తుగా ఉంటుంది. చక్రాల కుర్చీకి ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అరుగు 90 సెంటీమీటర్లయితే ర్యాంపు దాదాపు 11 మీటర్లు సాగుతుంది, నడుమ ఆగే చోటూ కావాలి. ముందువైపు అంత స్థలం లేకపోతే పక్క వసారా వెంట మలుపు తిప్పండి. మరుగుదొడ్డిని పాత గోడలకు ఆనకుండా విడిగా కట్టించడం తప్పనిసరి.

విద్యుత్తు తీగల కోసం సున్నపు గోడలను గాడి కొట్టవద్దు. గోడ మీదుగానే పైపుల్లో నడిపించండి, చూడటానికి కూడా పాత ఇంటికి అదే నప్పుతుంది. నిల్వ గదిలో మెయిన్ స్విచ్, ఇన్వర్టర్ బ్యాటరీలు ఉంచరాదు. మంటలార్పే సిలిండర్లలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) రకం పుస్తకాలను పాడుచేయదు. పొడి రకం మంట ఆర్పినా పేజీల మధ్య చేరి వదలదు. కిటికీలను మూసి ఏసీ పెట్టాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది కానీ, పగలు ఏసీ, రాత్రి కరెంటు ఆపివేత అన్న పద్ధతిలో గదిలోని తేమ రోజూ పెరిగి తగ్గుతూ కాగితానికి బూజు తెస్తుంది. ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, చెక్క రెక్కలు ఉన్న గదికి ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు. చిన్న తేమ మీటరు ఒకటి గోడకు తగిలించి, 65 శాతం దాటినప్పుడు కిటికీలు, ఫ్యాన్ల సంగతి చూసుకోండి. పడమటి ఎండ పుస్తకాల వెన్నుల మీద పడకుండా ఆ కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టకండి, తడి లోపలికి వస్తుంది. నూలు తెరలు వేయండి.

ఏడవ అడుగు: పుస్తకాలు, డబ్బు

దానంగా వచ్చిన పుస్తకాలను నేరుగా అరల్లోకి ఎక్కించవద్దు. వసారాలో పరిచి, దులిపి, పురుగు ఉన్నవాటిని విడదీసిన తరువాతే రిజిస్టరులో నమోదు చేయాలి. పాత పాఠ్యపుస్తకాలు, చెల్లిపోయిన గైడ్లు మూటలుగా వస్తాయి. మర్యాదగా నిరాకరించడం నేర్చుకోకపోతే మూడవ అడుగులో వేసిన లెక్క తప్పుతుంది. చిరిగిన పుటలకు సెల్లోటేపు అంటించకండి, అది పసుపు మచ్చగా మారి వదలదు. పలుచని కాగితపు పట్టీ, మైదా జిగురు చాలు. పట్టిక కోసం కోహా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు లిపిలో కూడా పనిచేస్తుంది.

డబ్బు విషయానికి వస్తే, కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి రాష్ట్రాలతో కలిసి పుస్తకాలకూ అల్మరాలకూ భవనాలకూ సాయం చేస్తోంది. ఎంపీ, ఎమ్మెల్యే నిధులు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు మరమ్మతుకు అడగవచ్చు. అయితే ఇవన్నీ ఒక్కసారి ఇచ్చేవే. ఊడ్చే మనిషి జీతం, కరెంటు బిల్లు, దినపత్రికల చందా నెలనెలా వస్తాయి. ఈ మూడింటినీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో లెక్క కట్టి, అంత వడ్డీ వచ్చే డిపాజిట్టు కూడిన తరువాతే తలుపులు తెరవాలని నా సలహా. అది కుదరకపోతే మొత్తం కట్టడాన్ని ఒకేసారి తెరవకండి. వసారాలో పత్రికలు, ఒక గదిలో ఇరవై కుర్చీలతో మొదలుపెట్టి, మిగిలిన గదులను పని ముగిసే కొద్దీ కలుపుకోవడంలో చిన్నతనమేమీ లేదు. జనం వస్తూ ఉన్న చోట మరమ్మతుకు చందా అడగడమూ సులభమే.

ఎనిమిదవ అడుగు: ఏటేటా

తెరిచిన తరువాత ఒక చిన్న పుస్తకంలో ఏటా చేయవలసిన పనులు రాసి కౌంటరు దగ్గర వేలాడదీయండి. వేసవిలో గోడలకు సున్నం, తలుపులకు నూనె, చెదల గీతల తనిఖీ, దూలాల కొసలు తట్టి చూడటం. వినాయక చవితి దాటగానే మిద్దె మీది ఆకులు ఊడ్చి, ప్రతి జలదారిలోనూ బిందెడు నీళ్ళు పోసి ఎంతసేపట్లో కిందికి దిగాయో చూడాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున కిటికీలు ఎవరు మూయాలి, కింది అరల పుస్తకాలు ఏ బల్లల మీదికి ఎక్కించాలి, తాళంచెవి ఎవరి ఇంట్లో ఉంటుంది అన్నవి పేర్లతో సహా అదే పుస్తకం మొదటి పుటలో ఉండాలి. ఆ పేర్లలో ఇద్దరైనా గ్రంథాలయానికి నడిచి వచ్చేంత దగ్గరలో నివసించేవారై ఉండాలి.